వరద కబురుకు గ్రూపా, ఛానెలా?

గోదావరి పాయల నడుమ దీవులైన లంక గ్రామాలకు వరద హెచ్చరికలను వాట్సాప్ వంటి సందేశ యాప్‌ల ద్వారా చేరవేయవలసి వచ్చినప్పుడు గ్రూపు పెట్టాలా, ఛానెల్ పెట్టాలా అన్నది పైకి ఫోనుకు సంబంధించిన చిన్న ఎంపికగా కనిపిస్తుంది గాని, ఎవరు మాట్లాడాలి, ఎవరు వినాలి, విన్నవారికి తిరిగి అడిగే చోటు ఉండాలా వద్దా అన్న పెద్ద ప్రశ్న దానిలోనే ఇమిడి ఉంది. గ్రూపు అంటే చేరిన ప్రతి ఒక్కరూ రాయగలిగి, ఒకరు రాసినది అందరూ చూడగలిగే ఉమ్మడి వేదిక. వాట్సాప్‌లో దాని సభ్యుల పరిమితి 2016లో 256కు, 2022లో మొదట 512కు, ఆ ఏడాది చివరకు 1,024కు పెరిగింది. ఛానెల్ అంటే నిర్వాహకులు మాత్రమే రాస్తూ, తక్కినవారు ఎంతమందైనా దానిని అనుసరించి చదువుకోగలిగే ఏకముఖ ప్రసార మార్గం. టెలిగ్రామ్ దీనిని 2015లో ప్రవేశపెట్టగా, వాట్సాప్ 2023 జూన్‌లో కొలంబియా, సింగపూర్ దేశాలలో ఆరంభించి, అదే ఏడాది సెప్టెంబరులో భారతదేశంతో సహా 150కి పైగా దేశాలకు విస్తరించింది. ఈ రెండింటి నడుమ మరో రెండు రూపాలున్నాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు అనే పాత పద్ధతిలో ఒకే సందేశం 256 మంది వరకు విడివిడిగా చేరుతుంది, అదీ పంపినవారి నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికి మాత్రమే. ఇక నాలుగవది, అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలిగేలా గ్రూపును బిగించే అమరిక. 2018లో ఇది అందుబాటులోకి వచ్చిన తరువాత, పేరుకు గ్రూపుగా ఉంటూ నడకలో ఛానెల్‌గా మారిపోయిన వేదికలు ఊరూరా వెలిశాయి. ఈ చర్చలో ఎక్కువ చిక్కు తెచ్చిపెట్టేది ఈ నాలుగవ రూపమే.

ఈ సంవాదంలో పాల్గొనే ఇద్దరూ కల్పిత పాత్రలు. ఒకరు గోదావరి తీర మండలాలలో పనిచేసి పదవీ విరమణ చేసిన తహసీల్దారు, ప్రసార పక్షం వహిస్తారు. మరొకరు లంక గ్రామంలో పుట్టి పెరిగి, విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధిస్తున్న అధ్యాపకురాలు, సమూహ పక్షం వహిస్తారు.

తహసీల్దారు: మేడం, వరదను కొలిచి చెప్పే బాధ్యత ఒకరిదైనప్పుడు ఆ మాట ఒక్క నోటి నుంచే రావాలి. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది జారీ అవుతాయి. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ నుంచి దిగువకు పోయే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటిది, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున సాగే ప్రవాహం. ఇవి అభిప్రాయాలు కావు, వీటిపై చర్చ జరగవలసిన పని లేదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు ఎగసి, 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తరువాత అంతటి మట్టాన్ని తాకినప్పుడు, ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, ప్రజలకు అన్నిటికన్నా ముందు కావలసింది గంటగంటకూ మారే ఆ అంకె. వెయ్యి మంది ఉన్న గ్రూపులో ఆ అంకె పడిన రెండు నిమిషాలకే దాని కింద నమస్కారం బొమ్మలు, "ఓకే సార్" అనే జవాబులు, "మా ఊరికి ఎప్పుడొస్తుంది" అన్న ప్రశ్నలు, ఏ ఏటివో తెలియని వీడియోలు చేరి, పొలం నుంచి వచ్చి ఆలస్యంగా ఫోను తెరిచిన రైతుకు అసలు కబురు ఎక్కడుందో దొరకదు. ఛానెల్‌లో అయితే తెరవగానే కనిపించేది తాజా అంకె. వెతుక్కోవలసిన అవసరమే రాదు.

అధ్యాపకురాలు: తహసీల్దారు గారూ, ధవళేశ్వరం అంకె ధవళేశ్వరానికి సరిగ్గా సరిపోతుంది, లంకకు సరిపోదు. బ్యారేజీ దాటిన నీరు గౌతమిగా, వశిష్ఠగా, వైనతేయగా పాయలు చీలి ఒక్కో లంకను ఒక్కో తీరున చుట్టుముడుతుంది. 13 లక్షల క్యూసెక్కులన్న మాట విన్న పాడి రైతుకు తన ఊరి కాజ్‌వే మునిగిందో లేదో, పశువులను ఏటిగట్టు మీదికి తోలుకుపోవడానికి ఇంకా దారి మిగిలి ఉందో లేదో, రేవులో పడవలు తిరుగుతున్నాయో ఆపేశారో ఆ అంకె చెప్పదు. అవి తెలిసినవారు ఆ కాజ్‌వే పక్కన నిలబడి ఉన్నవారే. రాత్రి తొమ్మిది గంటలకు పాలు పోసి తిరిగి వస్తున్న మనిషి ఒకరు "కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్లున్నాయి, ఆటోలు ఆపేశారు" అని వాయిస్ మెసేజ్ పెట్టారనుకోండి; కాసేపటికి మరొకరు రామాలయం ముందున్న కరెంటు స్తంభం మీద నీరు ఎంతవరకు వచ్చిందో ఫోటో తీసి పెట్టారనుకోండి; దాని కింద ఇంకొకరు "గంట క్రితం ఇంతకు జానెడు కిందే ఉంది" అని రాశారనుకోండి. ఏ కొలబద్దా పాతని ఆ చోట, గంటకు జానెడు చొప్పున నీరు పెరుగుతున్నదన్న లెక్క చివరి ఇద్దరి మాటల నుంచి తేలింది. ఛానెల్ పెట్టిన కార్యాలయానికి ఆ లెక్క ఎన్నటికీ చేరదు, ఎందుకంటే ఆ మార్గంలో కిందినుంచి పైకి పోయే దారే లేదు.

తహసీల్దారు: ముగ్గురు నిజం చెప్పిన చోటనే మరో ముప్పై మంది అబద్ధం చెప్పగలరు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్ మీద పాకి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పల్లెలలో ఊరికి కొత్తగా కనిపించిన పాపానికి అమాయకులు దెబ్బలు తిన్నారు. ఆ ఏడాదే జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో ఇటువంటి వదంతికే అయిదుగురు బలయ్యారు. ఆ నెలలోనే భారతదేశంలో ఒక సందేశాన్ని ఒక్క విడతలో అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయడానికి వీలులేకుండా వాట్సాప్ పరిమితి తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో, చాలా చేతులు మారి వచ్చిన సందేశాన్ని ఒక విడతలో ఒక్క చాట్‌కు మాత్రమే పంపగలిగేలా దానిని మరింత బిగించింది. విపత్తు తీవ్రత గురించి తప్పుడు హెచ్చరికను సృష్టించి గాని వ్యాప్తి చేసి గాని భయోత్పాతం కలిగించినవారికి విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 54వ సెక్షన్ ఏడాది వరకు జైలు శిక్షను గాని జరిమానాను గాని నిర్దేశించింది. ఇంత కట్టుదిట్టం ఎందుకు అవసరమైంది? "గట్టు తెగింది" అన్న ఒక్క మాట అర్ధరాత్రి గ్రూపులో పడితే చాలు, చీకటిలో పిల్లలను చంకనేసుకుని, తెగని గట్టు నుంచి పారిపోయి నిజంగా నీరున్న పల్లంలోకి జనం దిగుతారు. మాట్లాడే హక్కు గొప్పదే గాని ఆ రాత్రికి దాని ఖరీదు ప్రాణం.

అధ్యాపకురాలు: ఆ ఖరీదును ఎవరూ కాదనరు. అయితే 2018 నాటి వదంతి పాకిన తీరును దగ్గరగా చూస్తే మీరు చెప్పిన సాక్ష్యం మీ పక్షానికే ఎదురు తిరుగుతుంది. ఫార్వర్డ్ చేసిన వీడియో సంభాషణ కాదు. మొదట ఎవరు పంపారో తెలియకుండా, ఎవరూ ఎవరినీ అడగకుండా, చేతి నుంచి చేతికి సాగిపోయిన ప్రసారం అది. వాట్సాప్ గ్రూపు సందేశాలకు 2016 నుంచి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, అనగా పంపినవారి ఫోనులోనూ అందుకున్నవారి ఫోనులోనూ తప్ప నడుమ ఎక్కడా, ఆ కంపెనీకి సైతం, సందేశం చదవడానికి వీలులేని రహస్య లిపి రక్షణ ఉంది; కనుక గ్రూపులో పడిన అబద్ధాన్ని అక్కడికక్కడే ఆపగలిగినవారు బయటివారెవరూ కారు, ఆ గ్రూపు సభ్యులే. "గట్టు తెగింది" అని ఒకరు రాస్తే, ఆ గట్టు మీదే ఇసుక బస్తాలు వేస్తున్నవారు "ఎక్కడ తెగింది, చోటు చెప్పండి, ఇక్కడే ఉన్నాం, తెగలేదు" అని ఫోటోతో జవాబు ఇవ్వగలగడం కంటే వేగమైన ఖండన ఏ కార్యాలయమూ ఇవ్వలేదు. ఛానెల్‌లో ఆ జవాబుకు చోటు లేదు. అధికార ఛానెల్ పేరును పోలిన పేరుతో ఎవరైనా మరో ఛానెల్ తెరిచి తప్పుడు మట్టాలు రాస్తే, దాని కింద "ఇది నకిలీ" అని రాసే వీలు కూడా చదివినవారికి ఉండదు.

ఇంతవరకు రెండు పక్షాలూ సమాచారపు సత్యాసత్యాల గురించే వాదించాయి. ఈ అంశంపై అధ్యాపకురాలి పక్షమే గట్టిదని చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే అబద్ధం పుట్టడానికి రెండు మార్గాలలోనూ అవకాశం ఉన్నప్పుడు, దానిని సరిదిద్దే అవకాశం ఒక మార్గంలోనే ఉంది. తహసీల్దారు ఈ తరువాత ఎత్తిన అభ్యంతరం మాత్రం వేరు జాతికి చెందినది. గ్రూపులను మెచ్చుకునేవారు తరచుగా మరిచిపోయే సంగతి అది.

తహసీల్దారు: సరిదిద్దేవారు గ్రూపులో ఉండాలంటే ముందు వారు గ్రూపులో చేరాలి కదా మేడం. వాట్సాప్ గ్రూపులో చేరిన క్షణం నుంచి ప్రతి సభ్యురాలి ఫోను నంబరు తక్కిన వెయ్యి మందికీ కనబడుతుంది. వరద సమాచారం కోసం చేరిన అమ్మాయికి వారం తిరగకుండా ముక్కూమొహం తెలియని నంబర్ల నుంచి "హాయ్" అని సందేశాలు మొదలవుతాయి, అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. ఇంట్లోవారు గ్రూపు నుంచి బయటికి రమ్మంటారు, లేదా ఆమే వచ్చేస్తుంది. మండలం మొత్తానికి ఒకే గ్రూపు పెడితే కొన్నాళ్లకు అందులో మిగిలేది మగవారు, నాయకులు, నాయకుల అనుచరులు. ముంపులో వంటసామాను, పిల్లలు, ముసలివారు, కోళ్లు, మేకలు అన్నిటినీ సర్దవలసిన మనిషి ఆ గ్రూపులో ఉండదు. ఛానెల్‌ను అనుసరించినవారి నంబరు తోటి అనుసరించేవారికి కనిపించదు. నడిపేవారి సొంత నంబరూ బయటపడదు. ఒక గిరిజన గూడెంలోని బాలిక కూడా ఎవరికీ తెలియకుండా నీటిమట్టం చూసుకోగలదు. అందరికీ చేరాలన్నదే లక్ష్యమైతే, అందరినీ భయం లేకుండా రానిచ్చే మార్గం ఇదొక్కటే.

అధ్యాపకురాలు: ఈ మాటకు ఎదురు లేదు. వెయ్యి మంది అపరిచితులను ఒకచోట చేర్చి దానికి గ్రూపు అని పేరు పెట్టడంలోనే లోపం ఉంది. వెయ్యి అనేది యాప్ అనుమతించిన సంఖ్య తప్ప మనుషులు ఒకరినొకరు ఎరిగి ఉండగలిగిన సంఖ్య కాదు. అందుచేత సమూహ పక్షం సమర్థించేది మండల గ్రూపును కాదు. ఆంధ్రప్రదేశ్ పల్లెలలో డ్వాక్రా కాలం నుంచి పది పదిహేను మంది స్త్రీలు కలిసి నడుపుకుంటున్న పొదుపు సంఘాలున్నాయి; ఒకరి నంబరు ఒకరి వద్ద ముందే ఉంది, ఎవరి ఇంట్లో మంచం దిగలేని ముసలమ్మ ఉందో, ఎవరు నెలలు నిండిన గర్భిణో అందరికీ తెలుసు. వీధికి ఒకటి, పేటకు ఒకటిగా ఇటువంటి చిన్న గ్రూపులు ఉంటే మీరు చెప్పిన బెడద పుట్టదు. వాటి వల్ల ఛానెల్ ఏ నాటికీ ఇవ్వలేని మరో లాభం కూడా ఉంది. గ్రూపులో పంపిన సందేశాన్ని నొక్కిపట్టి వివరాలు చూస్తే అది ఎవరికి చేరిందో, ఎవరు చదివారో పేర్లతో కనిపిస్తుంది. చదివినట్టు తెలిపే గుర్తును సొంత చాట్‌లలో ఆపివేసుకున్నవారు సైతం గ్రూపులో ఆపలేరు. "సాయంత్రం ఆరు లోపు గట్టుమీది బడికి రావాలి" అన్న సందేశం పదిహేను మందిలో పదమూడు మందికి చేరి, ఇద్దరి పేర్లు ఆ వివరాలలో కనిపించకపోతే, ఆ ఇద్దరి ఫోన్లకు కబురు అందలేదని అర్థం. ఆ రెండు ఇళ్లకు మనిషిని పంపాలి. అనుసరించేవారు లక్ష మంది ఉన్న ఛానెల్ నడిపేవారికి ఆ లక్ష అనే అంకె కనిపిస్తుంది గాని, కబురందని ఆ రెండు ఇళ్లు కనిపించవు.

ఛానెల్ విషయంలో వాడుకలోని ఒక చిన్న వివరం పెద్ద పొరపాటుకు దారితీయగలదు గనుక దానిని ఇక్కడ ప్రస్తావించడం అవసరం. వాట్సాప్ ఛానెల్‌ను అనుసరించడం మొదలుపెట్టినంత మాత్రాన కొత్త సందేశం వచ్చినప్పుడు ఫోను మోగదు. ఛానెల్ పేరు దగ్గర ఉన్న గంట గుర్తును విడిగా నొక్కి మోత పెట్టుకోవాలి. ఆ సందేశాలు బంధుమిత్రుల చాట్‌ల వరుసలో కాక అప్‌డేట్స్ అనే వేరే పుటలో చేరతాయి. అందుచేత ఛానెల్ పెట్టి, పోస్టరు అంటించి, ఊరంతటినీ అనుసరించమని చెప్పిన అధికారి హెచ్చరిక వ్యవస్థ ఏర్పడిందని భావించినా, గంట గుర్తు నొక్కని ఇళ్లలో ఆ హెచ్చరిక చప్పుడు లేకుండా వచ్చి చూసేదాకా అక్కడే పడి ఉంటుంది. ఛానెల్ సందేశాలకు గ్రూపు సందేశాలకున్న రహస్య లిపి రక్షణ లేదన్నది మరో తేడా; నలుగురికీ తెలియడానికే రాసే వరద మట్టాలకు అది లోపం కాదు గాని, ముంపు బాధితుల పేర్లు, ఫోటోలు, ఆధార్ వివరాలు అక్కడ పెట్టడం మాత్రం ఏ విధంగానూ తగదు.

తహసీల్దారు: గంట గుర్తు సంగతి ఒప్పుకోవలసిందే. నిద్రపోతున్నవారిని లేపే పనికి ఛానెల్ చాలదు. దానికి సెల్ బ్రాడ్‌కాస్ట్ ఉంది. 2023లో దేశమంతటా ప్రయోగాత్మకంగా పరీక్షించిన ఆ పద్ధతిలో ఒక టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ, నంబర్లతో పని లేకుండా, పెద్ద మోతతో హెచ్చరిక ఒకేసారి వస్తుంది. ఛానెల్ చేయవలసిన పని వేరు: లేచినవారు తెరిచి చూసుకోవడానికి నమ్మదగిన మాట ఒకచోట ఉంచడం. ఇక మీ చిన్న గ్రూపుల విషయానికి వస్తే, ఒక మండలంలో అవి ఎన్ని అవుతాయి? వాటన్నిటిలో అధికారులను కూర్చోబెట్టాలంటే వరద రాత్రి మండల కార్యాలయంలో ఉండే నలుగురికీ పడవలు పంపడం, పునరావాస కేంద్రంలో బియ్యం, పాలు, మందులు చూడడం, కలెక్టరేటుకు నివేదిక ఇవ్వడం మానేసి ఫోను పట్టుకోవడమే సరిపోతుంది. అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే ప్రజలకు కలిగే కోపం, అడిగే చోటే లేకపోతే కలిగే కోపం కంటే ఎక్కువ. గ్రూపు తెరిచి అందులో మూగగా కూర్చున్న అధికారి, గ్రూపు తెరవని అధికారి కంటే ఎక్కువ నమ్మకాన్ని పోగొట్టుకుంటాడు.

అధ్యాపకురాలు: అధికారి ప్రతి గ్రూపులోనూ కూర్చోవలసిన అవసరం లేదని చరిత్రే చెబుతోంది. ప్రసారం ఒకవైపే సాగడం ఈ యుగపు సమస్య కాదు. జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెష్ట్ 1932లోనే రేడియో గురించి రాస్తూ, అది పంచిపెట్టే సాధనంగా మిగిలిపోకుండా, వినేవాడిని మాట్లాడనిచ్చే సాధనం కావాలని వాదించాడు. ఆ వాదానికి దగ్గరగా వచ్చిన ప్రయోగం మన దేశంలోనే జరిగింది. 1956లో యునెస్కో తోడ్పాటుతో ఆకాశవాణి, అప్పటి బొంబాయి రాష్ట్రంలో పుణె కేంద్రంగా అయిదు జిల్లాలలోని దాదాపు 150 గ్రామాలలో రేడియో గ్రామీణ వేదికలను ఏర్పరచింది. ఊరికి ఇరవై మంది చొప్పున రైతులు వారానికి రెండుసార్లు ఒకచోట కూర్చుని వ్యవసాయ ప్రసారం వినేవారు, విన్న తరువాత దానిపై చర్చించుకునేవారు, తేలని ప్రశ్నలను కేంద్రానికి పంపేవారు, వాటికి తరువాతి ప్రసారాలలో జవాబులు వచ్చేవి. సామాజిక శాస్త్రవేత్త పాల్ న్యూరాత్ ఈ ప్రయోగాన్ని పరిశీలించి, వేదికలున్న గ్రామాలను, రేడియో ఉండీ వేదిక లేని గ్రామాలతోనూ, రేడియో కూడా లేని గ్రామాలతోనూ పోల్చి చూసినప్పుడు, వేదికలున్న ఊళ్లలో రైతుల తెలివిడి గణనీయంగా పెరిగిందని, మిగిలిన ఊళ్లలో ఆ పెరుగుదల చాలా స్వల్పమని తేలింది. ప్రసారకర్త ఊరూరా కూర్చోలేదు. ఊరే కూర్చుంది, తేలని ప్రశ్నలను తానే కేంద్రానికి పంపింది.

ఈ సంవాదం మొత్తంలో ఎక్కువసేపు నిలిచి ఆలోచించవలసిన చోటు ఇదే. పుణె ప్రయోగంలో రేడియో ఉండి వేదిక లేని గ్రామాలు నేటి ఛానెల్ ఒక్కటే ఉన్న గ్రామాలకు సరిజోడు. అక్కడ మాట చెవినపడింది, ఆచరణలో దిగడానికి కావలసిన "మన పొలానికి ఇది ఎలా" అన్న ప్రశ్నకు మాత్రం చోటు దొరకలేదు. వరద హెచ్చరికకూ ఇదే వర్తిస్తుంది. మూడవ ప్రమాద హెచ్చరిక అన్న మాట అందరికీ ఒకటే. మన వీధి ఎప్పుడు కదలాలి, ముందు ఎవరు పోవాలి, గేదెలను ఎవరు తోలాలి అన్నవి ఏ కేంద్రమూ నిర్ణయించలేదు, ఊరు కూర్చుని తేల్చుకోవలసిందే. అయితే తహసీల్దారు ఈ ఉదాహరణను కూడా ఊరికే వదలలేదు.

తహసీల్దారు: పుణె రైతులకు వారానికి రెండు సాయంత్రాలున్నాయి, ప్రశ్న పంపి జవాబు కోసం ఎదురుచూసే తీరిక ఉంది. వరదలో భద్రాచలం మట్టం తెలిసిన తరువాత దిగువ లంకలకు మిగిలే వ్యవధి గంటలలో లెక్క. చర్చ జూన్ నెలలో జరగాలి. ఆగస్టు రాత్రి చర్చ కుదరదు. ఆ రాత్రి ఊరికి అందవలసింది ఒక్క మాట, దానికి ఊరు చేయవలసింది ముందే అనుకున్న ఒక్క పని.

అధ్యాపకురాలు: జూన్‌లో మాట్లాడుకున్న గ్రూపే ఆగస్టు రాత్రి పనికివస్తుంది, తహసీల్దారు గారూ. జూన్‌లో చర్చించుకోనిచ్చి, ఆగస్టులో "అడ్మిన్లు మాత్రమే" అని నోరు నొక్కేస్తే, కాజ్‌వే మీద మోకాలి లోతు నీరుందన్న మాట ఏ దారిన వస్తుంది? కబురు రావడం ఆగిపోయేది సరిగ్గా అది అవసరమైన రాత్రే.

గ్రూపులను ఇలా బిగించడానికి అడ్మిన్లు చెప్పే కారణాలలో కేసు భయం ముఖ్యమైనది. ఎవరో పెట్టిన సందేశానికి అడ్మిన్ మీద కేసు పడుతుందన్న నమ్మకం పల్లెలలో బలంగా ఉంది. దీనిపై న్యాయస్థానాలు స్పష్టంగానే మాట్లాడాయి: ఒక సభ్యుడు పెట్టిన అభ్యంతరకర సందేశానికి, ఉమ్మడి ఉద్దేశమో ముందస్తు పథకమో ఉన్నట్టు తేలితే తప్ప, కేవలం అడ్మిన్ అయినందుకు ఆ వ్యక్తిని బాధ్యుడిని చేయడానికి వీలులేదని బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం 2021లో వెల్లడైన తీర్పులో చెప్పగా, అటువంటి పరోక్ష నేర బాధ్యతను చట్టం ప్రత్యేకంగా విధించనిదే అడ్మిన్‌పై మోపలేమని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. కనుక భయంతో గ్రూపును మూసివేయడానికి చట్టం నుంచి వచ్చిన బలవంతం ఏదీ లేదు. తప్పుడు సందేశాన్ని తొలగించే అధికారం అడ్మిన్‌కు ఎలాగూ ఉంది. ఒకరి తప్పుకు అందరి నోరూ కట్టివేయడం అవసరం లేదు.

ఇద్దరి వాదాలనూ కలిపి తూచినప్పుడు, అడ్మిన్లు మాత్రమే రాసే గ్రూపును వరద పనికి వాడకపోవడమే మంచిదన్న నిర్ణయం తప్పదు. దానిలో ఛానెల్‌కున్న లాభమైన నంబర్ల గోప్యత లేదు, గ్రూపుకున్న లాభమైన జవాబు లేదు. రెండింటి నష్టాలూ కలిసి ఉన్నాయి. అంకె చెప్పవలసిన చోట జిల్లాకు ఒకే ఛానెల్ ఉండాలన్న తహసీల్దారు మాట సరైనది, కాజ్‌వే సంగతి వినవలసిన చోట పేటకో చిన్న గ్రూపు ఉండాలన్న అధ్యాపకురాలి మాట అంతకన్నా అవసరమైనది. ఎందుకంటే ఛానెల్ ఆగిపోయినా ఆ అంకె రేడియోలో, టీవీలో, మైకు కట్టిన ఆటోలో ఏదో ఒక దారిన ఊరికి చేరుతుంది, ఊరి మాట పైకి చేరడానికి మాత్రం రెండవ దారి అంత సులభంగా దొరకదు. ప్రతి గ్రూపులోనూ అధికారి ఉండనక్కరలేదు, ప్రతి గ్రూపు నుంచీ ఒకరు గ్రామ సచివాలయ సిబ్బందితో కలిసిన మరో చిన్న గ్రూపులో ఉంటే చాలు; పుణెలో వేదికలు కేంద్రానికి ప్రశ్నలు పంపి చేసిన పని అదే.

ఛానెల్‌లో రాసే సందేశం తీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. "మూడవ ప్రమాద హెచ్చరిక జారీ, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని తేదీ, సమయం లేకుండా రాసిన సందేశం ఫార్వర్డ్ అయి, నీరు తీసిన నాలుగు రోజుల తరువాత కూడా, మరుసటి ఏడాది కూడా కొత్త కబురులాగే ఫోన్లలో తిరుగుతుంది. కొలిచిన రోజు, గంట, చోటు, మట్టం, అది పెరుగుతున్నదా తగ్గుతున్నదా, తరువాతి అంకె ఎప్పుడు వస్తుంది, ఏ లంకలవారు ఎక్కడికి రావాలి అన్నవన్నీ ఒకే సందేశంలో ఉంటే దానిని ఎవరు ఎప్పుడు ఎక్కడికి పంపినా అది అబద్ధంగా మారదు. ఫోటో మీద అక్షరాలుగా గాక మామూలు అక్షరాలలో రాస్తే సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట కూడా త్వరగా చేరుతుంది. చదవడం రానివారి కోసం అదే మాటను వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టాలి.

గోదావరికి నీరు రాకముందే, వేసవి సెలవులు ముగిసే రోజులలో, లంక గ్రామాల సచివాలయ సిబ్బంది, పొదుపు సంఘాల సమాఖ్య సభ్యులు, ఉపాధ్యాయులు కలిసి ఇంటింటికీ వెళ్లి జిల్లా ఛానెల్‌ను అనుసరింపజేసి, గంట గుర్తును దగ్గరుండి నొక్కించాలి. పేట గ్రూపులో ఒక పరీక్ష సందేశం పంపి, ఎవరికి చేరలేదో చూసి, ఫోనులేని ఇళ్లకు ఆ రాత్రి కబురు మోసుకుపోయే మనిషి పేరు ముందే రాసి పెట్టుకోవాలి. అడ్మిన్లు మాత్రమే రాసేలా బిగించి ఉన్న గ్రూపులను ఆ రోజే తెరవాలి.